అమెరికా వచ్చిన నాన్నకి కంటి పరీక్ష ఎక్కడ చేయించాలి? కళ్ళజోడు విరిగింది, ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పండి

తెనాలి_అమ్మాయి

అందరికీ నమస్కారం. అమ్మానాన్న విజిటర్ వీసా మీద మా దగ్గరకి వచ్చారు, మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. నిన్న మా బుడ్డోడు సోఫా మీద ఎగురుతూ నాన్న కళ్ళజోడు తొక్కేశాడు. ఫ్రేమ్ విరిగింది, ఒక అద్దం పగిలింది, రెండోది బాగానే ఉంది. ఇంకో జోడు తెనాలిలో బీరువాలో ఉంది. నాన్నకి 68 ఏళ్ళు, షుగర్ ఉంది, బీపీ మాత్రలు వేసుకుంటారు. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయ్యి ఏడాది దాటింది, ఎడమ కంటికి ఇంకా అక్కర్లేదన్నారు. బైఫోకల్ వాడతారు, అది లేకపోతే పేపర్ చదవలేరు, మెట్లు దిగడానికి కూడా భయపడుతున్నారు.

మన ఊళ్ళో అయితే కళ్ళజోళ్ళ షాపుకి వెళ్తే అక్కడే మిషన్‌లో చూసి నంబర్ రాసి సాయంత్రానికి జోడు చేతిలో పెడతారు. ఇక్కడ ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వరంటున్నారు. ఆపరేషన్ తర్వాత అక్కడ రాసిన చీటీ ఫోటో నా వాట్సాప్‌లో ఉంది, అది ఇక్కడ చెల్లుతుందా? కొత్తగా పరీక్ష చేయిస్తే ఎంతవుతుంది? విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం, దాంట్లో వస్తుందా?

అమ్మకి కూడా ఒకసారి చూపిద్దామని ఉంది, ఈ మధ్య తలనొప్పి అంటోంది. కాకపోతే అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు రావు, చార్ట్ ఎలా చదువుతుంది?

ఇంకో విషయం, దీనికి సంబంధం ఉందో లేదో తెలీదు. నాలుగైదు రోజులుగా నాన్నకి కుడి కంటి ముందు దోమలు తిరుగుతున్నట్టు నల్ల చుక్కలు కనిపిస్తున్నాయట, రాత్రి లైటు ఆపాక ఒక పక్క మెరుపు మెరిసినట్టు ఉంటోందట. ప్రయాణంలో నిద్ర లేక అలా ఉందిలే, ఇండియా వెళ్ళాక చూపించుకుంటా అంటున్నారు. తిరుగు టికెట్ ఇంకా మూడు నెలల తర్వాత.

---

ఎడిసన్_బాబాయ్

అమ్మా, ముందు కళ్ళజోడు సంగతి చెప్తాను. ఇక్కడ ముగ్గురు వేరు వేరు మనుషులుంటారు. ఆప్టీషియన్ అంటే ఫ్రేమ్, అద్దాలు అమ్మి సరిచేసేవాడు, అతను పరీక్ష చేయడు. ఆప్టోమెట్రిస్ట్ సైటు చూసి ప్రిస్క్రిప్షన్ రాస్తారు, కంటి లోపల కూడా చూస్తారు. ఆఫ్తాల్మాలజిస్ట్ ఆపరేషన్లు చేసే కంటి డాక్టర్. వాల్‌మార్ట్, కాస్ట్‌కో, టార్గెట్ లాంటి వాటిలో కూర్చునేది ఆప్టోమెట్రిస్టులే. ఇన్సూరెన్స్ లేకుండా సైటు పరీక్షకి మామూలుగా 80 నుంచి 150 డాలర్ల మధ్య అవుతుంది, ఊరిని బట్టి, చేసే పరీక్షలను బట్టి మారుతుంది. కాస్ట్‌కోలో చాలా చోట్ల మెంబర్‌షిప్ లేకపోయినా పరీక్ష చేస్తారు, జోడు కొనడానికి మాత్రం కార్డు కావాలి. పరీక్ష చేసిన చోటే జోడు కొనాలని ఏమీ లేదు. సైటు చూడటం అవగానే మనం అడగకపోయినా ప్రిస్క్రిప్షన్ కాపీ చేతికివ్వాలని 1978 నుంచి ఫెడరల్ రూల్ ఉంది, దానికి విడిగా డబ్బులు అడగకూడదు.

ఇండియా చీటీని ఇక్కడి షాపుల్లో చాలామంది ఒప్పుకోరు, ఇక్కడి లైసెన్స్ ఉన్నవాళ్ళు రాసిందే కావాలంటారు. ఆన్‌లైన్‌లో జెన్నీ లాంటి వాటిలో అంకెలు మనమే ఎక్కించుకోవచ్చు. రెండు చోట్లా లెక్క ఒకటే, స్ఫియర్, సిలిండర్, యాక్సిస్, యాడ్. ప్లస్ మైనస్ గుర్తులు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. రెండు కనుపాపల మధ్య దూరం కూడా అడుగుతుంది, దాన్నే పీడీ అంటారు, మన చీటీల్లో అది చాలాసార్లు ఉండదు. బైఫోకల్‌కి గీత ఎంత ఎత్తులో రావాలన్నది మనిషి ముఖం మీద పెట్టి కొలవాల్సిన విషయం కాబట్టి, మీ నాన్నగారికి నేనైతే ఆన్‌లైన్‌లో తెప్పించను. చదవడానికి మాత్రం ఈలోపు వాల్‌గ్రీన్స్, సీవీఎస్ లాంటి మందుల షాపులో రెడీమేడ్ రీడింగ్ గ్లాసెస్ తీసుకోండి, వాటికి చీటీ అక్కర్లేదు. చత్వారం నంబర్ చూసుకుని, వాటిని పెట్టుకుని పేపర్ చదివించి చూసి కొనండి. వాటితో నడవొద్దని చెప్పండి, దూరం మసకగా ఉంటుంది.

విరిగిన జోడు పారేయొద్దు. మిగిలిన అద్దాన్ని షాపులో లెన్సోమీటర్ అనే పవర్ కొలిచే మిషన్ మీద పెడితే ఆ కంటి పవర్ తెలిసిపోతుంది. బీరువాలో ఉన్న జోడు తెప్పించడం అన్నిటికన్నా తేలిక. విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో డాలస్ వచ్చేవాళ్ళు ప్రతి వారం ఉంటారు, మీ ఏరియా తెలుగు గ్రూపులో అడగండి.

---

ఆప్టో_సుధ

బాబాయ్ గారు చెప్పినవన్నీ సరైనవే, కానీ తెనాలి అమ్మాయి గారూ, కళ్ళజోడు సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు చివర్లో రాసిన నాలుగు లైన్లే ఇక్కడ అసలు విషయం. నేను ఆప్టోమెట్రీ చదివి హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రిలో చాలాకాలం పనిచేశాను. కొత్తగా మొదలైన నల్ల చుక్కలు, పక్కన మెరుపులు, అదీ శుక్లం ఆపరేషన్ అయిన కంట్లో, పైగా షుగర్ ఉన్న మనిషికి. ఇది ఇండియా వెళ్ళాక చూపించుకునేది కాదు. ఈరోజే చూపించాలి.

ఎందుకో చెప్తాను. కంటి లోపల విట్రియస్ అనే చిక్కటి జెల్లీ ఉంటుంది. వయసుతో అది పలచబడి, కుంచించుకుపోయి, వెనకున్న రెటీనా పొర నుంచి విడిపోతుంది. అలా విడిపోయేటప్పుడు రెటీనాని లాగితే మెరుపులు కనిపిస్తాయి, జెల్లీలో తేలే పోగుల నీడలే ఆ నల్ల చుక్కలు. అరవై దాటినవాళ్ళలో ఇది చాలా మామూలు, ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ ఈ లక్షణాలతో వచ్చినవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి ఆ లాగుడులో రెటీనా చిరుగుతుంది. చిరుగు దశలో ఉన్నప్పుడే పట్టుకుంటే క్లినిక్‌లో కూర్చోబెట్టి కాసేపట్లో లేజర్ చేసి పంపిస్తారు. వదిలేస్తే ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరి రెటీనా ఊడి వస్తుంది, అప్పుడు పెద్ద ఆపరేషన్, చూపు పూర్తిగా తిరిగొస్తుందన్న గ్యారంటీ ఉండదు. నొప్పి అస్సలు ఉండదు, అందుకే పెద్దవాళ్ళు దీన్ని పట్టించుకోరు. షుగర్ వల్ల కంటి లోపల చిన్న రక్తస్రావం అయినా ఇలాగే చుక్కలు కనిపిస్తాయి, అదీ చూడాల్సిందే.

ఇప్పుడే ఒక పని చేయండి. నాన్నగారిని ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో ఎదురుగా గోడ వైపు చూడమనండి. ఏదైనా ఒక పక్క నీడలా, తెర దించినట్టు కనిపిస్తుంటే ఒక్క గంట కూడా ఆగొద్దు. అలా లేకపోయినా ఈరోజే అపాయింట్‌మెంట్ పట్టండి. రెటీనా క్లినిక్‌కి గానీ ఆఫ్తాల్మాలజిస్ట్ ఆఫీసుకి గానీ ఫోన్ చేసి, "న్యూ ఫ్లాషెస్ అండ్ ఫ్లోటర్స్, హ్యాడ్ క్యాటరాక్ట్ సర్జరీ, డయాబెటిక్" అని ఈ మాటలే చెప్పండి. "ఐ చెకప్ కావాలి" అంటే రెండు వారాల తర్వాత స్లాట్ ఇస్తారు, ఈ మాటలంటే చాలా చోట్ల అదే రోజు రమ్మంటారు. దగ్గర్లో ఆప్టోమెట్రిస్ట్ వెంటనే దొరికితే అక్కడైనా సరే, కానీ చుక్కల మందు వేసి కనుపాప పెద్దది చేసి రెటీనా అంచుల దాకా చూడాలి. ఫోటో తీసి బాగుందంటే సరిపోదు, చిరుగులు ఎక్కువగా అంచుల్లోనే ఉంటాయి.

ఆ మందు వేశాక నాలుగు నుంచి ఆరు గంటలు దగ్గరవి కనపడవు, వెలుతురు పడదు, చల్లద్దాలు పట్టుకెళ్ళండి. బీపీ మాత్రల పేర్లు రాసుకెళ్ళండి. శుక్లం ఆపరేషన్ డిశ్చార్జి కాగితం ఉంటే దాని మీద లోపల పెట్టిన లెన్స్ స్టిక్కర్ ఉంటుంది, ఇంట్లో ఎవరైనా ఉంటే ఫోటో తీసి పంపమనండి. అది దొరకలేదని మాత్రం ఆగొద్దు.

---

తెనాలి_అమ్మాయి

సుధ గారూ, చదవగానే చెయ్యి వణికింది. గోడ వైపు చూపించాను, తెరలాంటిది ఏమీ లేదంటున్నారు, చుక్కలు మాత్రం ఉన్నాయి. రెండు చోట్ల ఫోన్ చేశాను, రెండో చోట మధ్యాహ్నం రమ్మన్నారు. నాన్న డబ్బుల గురించే టెన్షన్ పడుతున్నారు, డాలర్లని రూపాయల్లోకి లెక్కేసుకుంటూ వద్దు వద్దంటున్నారు. ఇన్సూరెన్స్ కస్టమర్ కేర్ లైన్ కలవడం లేదు.

---

పెద్దల్లుడు_హ్యూస్టన్

ఇన్సూరెన్స్ లైన్ కోసం ఆగకండి, ముందు వెళ్ళండి. విజిటర్ ప్లాన్లలో మామూలు సైటు పరీక్ష, కళ్ళజోడు దాదాపు ఎక్కడా రావు. కానీ ఇక్కడికి వచ్చాక కొత్తగా వచ్చిన సమస్య అయితే కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో క్లెయిమ్ చేసే అవకాశం ఉంటుంది. ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ అయితే ఒక్కో విజిట్‌కి వాళ్ళు రాసుకున్నంతే ఇస్తారు. షుగర్ వల్ల వచ్చిందని రాస్తే పాత జబ్బు అని తోసేసే అవకాశం ఎక్కువ. అందుకని అబద్ధాలు ఏమీ చెప్పక్కర్లేదు గానీ, ఏ రోజు మొదలైంది, కారణం ఏమిటి అన్నది డాక్టర్ నోట్‌లో స్పష్టంగా రాయించుకోండి. బిల్లు, నోట్, రసీదు అన్నీ తీసుకోండి.

రేటు గురించి ముందే అడగడం మీ హక్కు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ యాక్ట్ ప్రకారం, సొంతంగా డబ్బు కట్టేవాళ్ళు అడిగితే అంచనా రాతపూర్వకంగా ఇవ్వాలి, దానికన్నా బిల్లు 400 డాలర్లో అంతకు మించో ఎక్కువ వస్తే అభ్యంతరం పెట్టుకోవచ్చు. "సెల్ఫ్ పే రేట్ ఎంత" అని అడగండి, చాలా క్లినిక్కుల్లో తగ్గిస్తారు. ఒకవేళ రాత్రి పూట తెర పడినట్టయితే మామూలు హాస్పిటల్ ఎమర్జెన్సీలో కంటి డాక్టర్ ఉండకపోవచ్చు. యూనివర్సిటీ హాస్పిటల్‌కి ఫోన్ చేసి, ఆన్ కాల్ ఆఫ్తాల్మాలజీ ఉందా అని కనుక్కుని వెళ్ళాలి. ఫిలడెల్ఫియాలో విల్స్ ఐ, మయామీలో బాస్కమ్ పామర్, బోస్టన్‌లో మాస్ ఐ అండ్ ఇయర్ లాంటి చోట్ల కళ్ళకే విడిగా ఎమర్జెన్సీ ఉంది, ఆ ఊళ్ళలో ఉన్నవాళ్ళు గుర్తు పెట్టుకోండి.

మా మామగారి సంగతి చెప్తాను, మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, నాన్నగారికి చదివి వినిపిస్తే కదులుతారని. ఆయనా ఇలాగే వచ్చినప్పుడు చుక్కలు కనిపిస్తున్నాయని మాకు చెప్పకుండా దాచారు, పిల్లలకి ఖర్చు ఎందుకని. చెప్పేసరికి రెటీనా సగం ఊడింది. ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ నింపారు, రెటీనా అతుక్కునేదాకా అది లోపల నొక్కిపట్టి ఉంచాలట. ఆ గ్యాస్ ఉన్నన్నాళ్ళూ విమానం ఎక్కకూడదు. పైకి వెళ్ళాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గుతుంది, కంట్లో గ్యాస్ ఉబ్బుతుంది, కంటి ప్రెషర్ విపరీతంగా పెరిగి రక్తం అందక చూపే పోవచ్చు. ఒక రకం గ్యాస్ రెండు మూడు వారాల్లో పోతుంది, ఇంకో రకం రెండు నెలల దాకా ఉంటుంది. మాకు పెట్టింది రెండోది. కొండ ప్రాంతాలకి కారులో వెళ్ళడం కూడా డాక్టర్‌ని అడక్కుండా చేయొద్దన్నారు. తిరుగు టికెట్ మార్చాం, ఐ-94 తేదీ, అంటే అమెరికాలో ఉండటానికిచ్చిన గడువు, దగ్గర పడటంతో డాక్టర్ లెటర్ పెట్టి గడువు పెంచమని ఐ-539 ఫారం వేశాం, అది గడువు దాటకముందే వేయాలి. ఆయన ఖర్చు మిగులుద్దామనుకున్నారు, అయింది దానికి ఎన్నో రెట్లు. చూపు కొంత వచ్చింది గానీ ఆ కంటితో ఇప్పటికీ చదవలేరు.

---

హన్మకొండ_టు_హాంబుర్గ్

నేను జర్మనీలో చదువుకుంటున్న, ఇక్కడ పద్ధతి వేరే కాబట్టి రాస్తున్న, ఇటు అమ్మానాన్నల్ని తెచ్చుకునేవాళ్ళకి పనికొస్తది. జర్మనీలో సైటు చూడటానికి డాక్టర్ దగ్గరికి పోనక్కర్లేదు, ఫీల్‌మాన్, అపోలో లాంటి కళ్ళజోళ్ళ షాపుల్లోనే చూసి జోడు చేసిస్తరు. కాంటాక్ట్ లెన్సులైతే డీఎం, రోస్‌మాన్ లాంటి షాపుల్లో చీటీ లేకుండనే దొరుకుతయి. అసలు తిప్పలంతా కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్‌తోనే, మామూలుగా అడిగితే నెలల తర్వాత తేదీ ఇస్తరు. కానీ ఇట్ల మెరుపులు, తెర అని చెప్తే "నోట్‌ఫాల్", అంటే ఎమర్జెన్సీ, అని చెప్పి పొద్దున్నే క్లినిక్‌కి పోయి కూర్చోవచ్చు. ఆఫీసులు మూసి ఉంటే 116117 నంబర్‌కి ఫోన్ చేస్తే డ్యూటీలో ఎవరున్నరో చెప్తరు, లేకుంటే యూనివర్సిటీ కంటి ఆసుపత్రి ఎమర్జెన్సీకి పోవాలె. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఎట్లాగూ తీసుకుంటం కదా, అది ఎమర్జెన్సీకి పనికొస్తది, కళ్ళజోడుకి రాదు. మా అమ్మ వచ్చినప్పుడు పాత జోడుతోపాటు ఇంకో జోడు, నంబర్ చీటీ హ్యాండ్ బ్యాగులోనే పెట్టించిన, చెకిన్ బ్యాగు పోతే కళ్ళు లేనట్టే కదా.

అక్కా, మీ నాన్నగారికి ఎట్లుందో చెప్పండి.

---

తెనాలి_అమ్మాయి

అందరికీ పేరుపేరునా థాంక్స్. పెద్దల్లుడు గారు రాసింది నాన్నకి చదివి వినిపించాను, మారు మాట్లాడకుండా చొక్కా వేసుకున్నారు. డాక్టర్ చుక్కల మందు వేసి, పడుకోబెట్టి, నెత్తి మీద లైటు పెట్టుకుని చాలాసేపు చూశారు. జెల్లీ విడిపోవడమేనట, చిరుగు ఎక్కడా లేదు. షుగర్ వల్ల రెండు కళ్ళలోనూ రెటీనా మీద చిన్న చిన్న మార్పులు మొదలయ్యాయి, ఇప్పుడు చికిత్స అవసరం లేదు గానీ ప్రతి ఏటా చూపించాలన్నారు. ఇది మాకెవరికీ తెలియదు, శుక్లం ఆపరేషన్ అయ్యాక నాన్న మళ్ళీ కంటి డాక్టర్ మొహం చూడలేదు. నెల రోజుల తర్వాత ఇంకోసారి రమ్మన్నారు, ఈలోపు చుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా, తెర కనిపించినా వెంటనే రావాలట. విమానం ఎక్కడానికి ఇబ్బంది లేదన్నారు.

ఇంకో మాట. నేను పక్కనే ఉన్నా, వాళ్ళు ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కలిపారు, దానికి డబ్బులు తీసుకోలేదు. నాన్న నాకు చెప్పని సంగతులు కూడా ఆవిడకి చెప్పారు. మెరుపులు మొదలై పది రోజులు అయిందట! చుక్కల మందు వేశారు కాబట్టి ఆ రోజు సైటు చూడలేదు, మళ్ళీ రమ్మన్నారు. ఇప్పుడు జోడు చేయించేయొచ్చా? అమ్మ సంగతి కూడా చెప్పండి సుధ గారూ. మా మేనమామకి నీటికాసులు (గ్లకోమా) ఉన్నాయి, ఆ భయం కూడా ఉంది.

---

ఆప్టో_సుధ

చాలా మంచి వార్త. నెల తర్వాత చూపించడం మాత్రం మానొద్దు, చుక్కలు తగ్గిపోయినా సరే. ఒక్కోసారి మొదటి పరీక్షలో లేని చిరుగు తర్వాతి వారాల్లో వస్తుంది, అందుకే రమ్మంటారు. చుక్కలు పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది, కంగారు పడకండి.

జోడు చేయించే ముందు షుగర్ చూసుకోండి. షుగర్ బాగా ఎక్కువ తక్కువ అవుతుంటే కంటిలోని సొంత లెన్స్ ఉబ్బడం తగ్గడం వల్ల నంబర్ మారిపోతుంది. ఆయనకి కుడి కంట్లో పెట్టింది కృత్రిమ లెన్స్ కాబట్టి అది మారదు, ఎడమ కన్ను మారొచ్చు. ప్రయాణంలో భోజనం వేళలు మారి, మాత్రలు అటూ ఇటూ అయిన వారంలో చూసిన నంబర్‌తో జోడు చేయిస్తే నెలకే పనికిరాకుండా పోతుంది. కొన్ని వారాలు షుగర్ నిలకడగా ఉన్నాక చూపించండి, ఈలోపు తెనాలి జోడు వచ్చేస్తే అసలు తొందరే లేదు. కొత్తది చేయించినా బైఫోకలే చేయించండి. అక్కడి షాపుల్లో గీత లేని ప్రోగ్రెసివ్ అద్దాలు తీసుకోమంటారు, ఇన్నేళ్ళు గీత ఉన్న అద్దాలకి అలవాటు పడిన పెద్దాయన కొత్త దేశంలో మెట్ల మీద దాన్ని అలవాటు చేసుకోవాల్సిన పని లేదు. మన దగ్గర డీ బైఫోకల్ అనేదాన్ని అక్కడ ఫ్లాట్ టాప్ అంటారు, అలా అడగండి.

అమ్మగారికి చార్ట్ సమస్యే కాదు. అంకెల చార్ట్ ఉంటుంది, ఇంగ్లీషు E అక్షరాన్ని నాలుగు వైపులా తిప్పి పెట్టిన చార్ట్ కూడా ఉంటుంది, గీతలు ఏ వైపు ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. అపాయింట్‌మెంట్ అప్పుడే చెప్పండి. సొంత అన్నకో తమ్ముడికో నీటికాసులు ఉంటే ఆవిడకి వచ్చే అవకాశం మామూలు వాళ్ళకన్నా ఎక్కువ, కాబట్టి కంటి ప్రెషర్ చూడమని, వెనక నరం చూడమని అడిగి మరీ చేయించండి. ప్రెషర్ ఒక్కటే మామూలుగా ఉందని వదిలేయొద్దు, కొందరికి ప్రెషర్ మామూలుగా ఉండి కూడా నరం దెబ్బతింటుంది. తలనొప్పితోపాటు కన్ను ఎర్రబడటం, లైటు చుట్టూ రంగుల వలయాలు, వాంతులు ఏవైనా ఉన్నాయా అని ఈరోజే అడగండి. ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా నాన్నగారిని చూసిన క్లినిక్‌కే ఫోన్ చేయండి. లేకపోతే నాన్నగారి నెల రోజుల విజిట్ రోజునే ఆవిడకీ పక్క స్లాట్ అడగండి.